దీపు పెట్టిన సంతకాలు

శుక్రవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి అమెరికాలో కన్సల్టెంట్లందరం ఒకే పని చేస్తాం. రోజుకి ఎన్ని గంటలు పనిచేశామో రాసే టైమ్‌షీట్ తెరుస్తాం. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. సోమవారం టైరు పంక్చరై హైవే పక్కన రెండు గంటలు నిలబడ్డా ఎనిమిదే. బుధవారం ఇంటికొచ్చాక కూడా లాప్‌టాప్ ముందు కూర్చున్నా ఎనిమిదే. సబ్మిట్ కొడతాం, మేనేజర్ అప్రూవ్ చేస్తాడు. అందులో అబద్ధం ఉందని పదకొండేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. భీమశంకరం కోపిష్టి అంటే ఒప్పుకుంటాను గానీ, అబద్ధాలకోరు మాత్రం కాదని నా మీద నాకు మహా గొప్ప అభిప్రాయం ఉండేది. రెండువేల పదిలో, టెక్సస్‌లో మేముండే ఇర్వింగ్ ఊరి ఉగాది ప్రోగ్రాంలో, మూడొందల మంది ముందు ఆ అభిప్రాయం కాస్తా ఊడిపోయింది. ఊడగొట్టింది నా తొమ్మిదేళ్ల కూతురు. అదీ నన్ను కాపాడబోయి.

దీపు అసలు పేరు దేదీప్య. ఆ ఏడాది జనవరిలో గిటార్ నేర్చుకుంటానని పట్టుపట్టింది. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే రామమోహన్ గారని ఒకాయన ఉండేవారు. వారమంతా దగ్గర్లోని లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం, శనివారం పొద్దున తన హాల్లో పిల్లలకి గిటార్ క్లాసు. ఫీజు లేదు. షరతు మాత్రం ఉంది. పిల్లతో పాటు అమ్మో నాన్నో కూడా నేర్చుకోవాలి.

"గంటలు గంటలు వాయించక్కర్లేదండీ. రోజుకి పది నిమిషాలు. కానీ రోజూ," అన్నారాయన మొదటి రోజు. ఒక కాగితం ఇచ్చారు. ఒక గడిలో దీపు నిమిషాలు, పక్క గడిలో నావి. దీపు గడిలో నేను సంతకం పెట్టాలి, నా గడిలో దీపు పెట్టాలి. "ఒకళ్లకొకళ్లు సాక్షులన్నమాట," అని నవ్వారు.

దీపు సంబరం చూడాలి! జన్మలో దాన్నెవరూ సంతకం అడగలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా నోట్‌బుక్‌లో రెండు పేజీల నిండా సంతకం ప్రాక్టీస్ చేసింది. చివరికి పెద్ద డి, దాని కడుపులో చిన్న చుక్క ఖాయం చేసింది. కాగితం ఫ్రిజ్‌కి అంటించాం. నేను రెండు గిటార్లు కొన్నాను. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను కూడా. మా ఆవిడ ఉమ మాత్రం, "మొక్కై వంగనిది మానై వంగుతుందా, చూద్దాం," అంది.

మొదటి వారం వాయించాను. నిజంగానే. ఎడమచేతి వేళ్లు ఇనప తీగల మీద నొక్కి పట్టుకుంటే మంట, బాబోయ్, మిరపకాయలు కోసిన చేతులన్నా నయం. మూడు వేళ్లు మూడు చోట్ల పెట్టి ఒకేసారి మీటితే దాన్ని కార్డ్ అంటారు. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వెళ్లేలోపు నాకు ఒక ఉద్యోగం మారేంత టైమ్ పట్టేది. రెండో వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వచ్చిపడింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూండగానే శుక్రవారం వచ్చేసింది.

ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. నా గడులన్నీ ఖాళీ. పెన్ను తీశాను. చెయ్యి దానంతటదే రాసేసింది. పది, పది, పది, పది, పది. ఒట్టు, రెండో ఆలోచన లేదు.

"దీపూ, సైన్ చెయ్యమ్మా."

అది కాగితం చూసింది, నన్ను చూసింది. "బట్ నువ్వు ప్లే చేయలేదు కదా నాన్నా?"

"ఆఫీసుకి వెళ్తూ కార్లో మనసులో చేశాను. అదీ ప్రాక్టీసే."

"ఫైవ్ డేసా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. తప్పు చేసినప్పుడు నాకు వచ్చేంత కోపం ఇంకెప్పుడూ రాదు. "నాన్న మాట మీద నమ్మకం లేదా నీకు? పెట్టమంటే పెట్టు!" అని అరిచాను. అది పెన్ను తీసుకుని ఐదు సంతకాలు పెట్టింది. ఒక్కొక్కటీ నిదానంగా, చుక్కతో సహా.

ఆ తర్వాత అరవాల్సిన పని రాలేదు. పది వారాలు. శుక్రవారం సాయంత్రం నేను పదులు రాసేవాణ్ని, అది సంతకాలు పెట్టేది. తను మాత్రం రోజూ స్కూల్ నుంచి రాగానే మైక్రోవేవ్‌లో పది నిమిషాలు టైమర్ పెట్టుకుని వాయించేది. వేళ్ల చివర కాయలు కాశాయి. వాటితో టేబుల్ మీద టక్‌టక్‌మని కొట్టి చూపించేది. శనివారం క్లాసులో ఆరు జంటలం కలిసి వాయించేవాళ్లం కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. భజనలో చరణం రాని వాడు పెదాలు ఆడించినట్టు, నేను కుడిచెయ్యి ఆడించేవాణ్ని.

మార్చి నెలాఖరున రామమోహన్ గారు మా కాగితాలు తిరగేశారు. "శంకరం గారూ! పన్నెండు వారాల్లో ఒక్కరోజు కూడా మిస్ కాలేదా? నేను కూడా ఇంత రెగ్యులర్ కాదండీ!" అని అందరి ముందూ నా భుజం తట్టారు. ఉగాది ప్రోగ్రాంలో ఒక జంటకే అవకాశం, అది మీ ఇద్దరికే అన్నారు. నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. దీపు మాత్రం ఎగిరి గంతేసింది. ఎగిరాక నా వైపు చూసి ఆగిపోయింది.

ఇంటికొస్తుంటే కార్లో అడిగింది, "నాన్నా, అంకుల్‌కి ట్రూత్ చెప్పేద్దామా? హి వోంట్ బి మ్యాడ్."

"ఏం అక్కర్లేదు. మేనేజ్ చేద్దాం."

మేనేజ్ చెయ్యడం అంటే ఏంటో దానికి తెలీదు. నాకు తెలుసు. దీపు గట్టిగా వాయించాలి, నేను చెయ్యి ఆడించాలి. ఈ ప్లాన్ చెప్పినప్పుడు కూడా నాకు సిగ్గేయలేదు చూడండి, దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ప్రోగ్రాం రోజు స్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. దీపు పట్టు పావడా కట్టుకుంది. స్టేజీ వెనక రెండు గిటార్ల తీగలూ శ్రుతి చూసి తనే ట్యూన్ చేసింది, నాది రెండుసార్లు. ఎక్కాం. కూర్చున్నాం. రామమోహన్ గారు కట్టిన చిన్న ట్యూన్ అది, రెండు నిమిషాలుంటుంది. సగం దాకా బాగానే నడిచింది. నేను ఊరికే తీగల మీద వేళ్లు రాస్తున్నాను. అయితే మధ్యలో ఒకచోట దీపు ఆగాలి, నా కార్డులు మాత్రమే వినిపించాలి. నాలుగే నాలుగు కార్డులు. క్లాసులో ఆ చోట మిగతా అమ్మానాన్నల కార్డుల్లో నాది కలిసిపోయేది కాబట్టి, పన్నెండు వారాలు కూర్చుని కూడా ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

దీపు ఆగింది. నేను మీటాను. గరగరమంటూ రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఇంకోసారి మీటాను. అదే. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అప్పుడు దీపు మైక్ దగ్గరికి వంగింది. "సారీ. మా నాన్న గిటార్ నేను ట్యూన్ చేయలేదు. మర్చిపోయాను. ఇట్స్ మై ఫాల్ట్."

"అయ్యో, ఎంత ముద్దుగా చెప్పిందో!" అని చప్పట్లు కొట్టారు. మిగతాదంతా దీపు ఒక్కతే వాయించింది. నేను గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తెర వెనక రామమోహన్ గారు ఎదురొచ్చారు. "ఏంటమ్మా దీపూ, ఎన్నిసార్లు చెప్పాను, స్టేజీ ఎక్కేముందు ట్యూనింగ్ చూసుకోవాలని?" అన్నారు. కసురుకోలేదు గానీ, మాట గట్టిగానే అన్నారు. దీపు తల దించుకుని, "సారీ అంకుల్," అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. నాలుగు మాటలు. తెరవలేదు. జీవితంలో నన్ను నేను అసహ్యించుకున్న క్షణం ఏదంటే అదే, స్టేజీ మీది కాదు.

ఆయన ట్యూన్ చేసి చూపిద్దామని నా గిటార్ తీసుకున్నారు. ఆరు తీగలూ ఒకసారి మీటారు. ఎంత చక్కగా పలికిందో! ఒక్క తీగ కూడా తప్పలేదు. ఆయన మళ్లీ మీటారు. ఆగారు. నా ముఖంలోకి చూశారు. తల కొట్టేసినంత పనైంది నాకు.

"బాగా ట్యూన్ చేశావమ్మా," అన్నారు దీపుతో మెల్లగా. గిటార్ నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

కార్లో క్షమించమ్మా అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఐస్‌క్రీమ్ తింటావా దీపూ?" అని. పక్క సీట్లోంచి ఉమ, "మాట్లాడకుండా నడపండి," అంది.

ఆ సోమవారం నుంచి మొదలుపెట్టాను. ఇంట్లో వాయించే ముఖం లేక గిటార్‌ని కార్ డిక్కీలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్లాను. లంచ్‌లో పార్కింగ్ లాట్‌లో, వెనక సీట్లో కూర్చుని, ఫోన్‌లో పది నిమిషాలు అలారం పెట్టుకుని. రెండే కార్డులు. ఇది, అది. ఇది, అది. పక్క కార్ దగ్గర సిగరెట్ కాలుస్తున్న వాళ్లు వింతగా చూశారు. చూస్తే చూశారు. బుధవారానికి వేళ్లు బొబ్బలెక్కాయి. గురువారం ఒక బొబ్బ చితికింది. శుక్రవారం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రెండో కార్డ్ గరగర లేకుండా మోగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దీపుకి చెప్పాలనిపించింది, దానికొక్కదానికే.

శనివారం పొద్దున్నే పెన్ను పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. ఈసారి పది అని రాసే హక్కు నాకుంది. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వేళ్లు చూపించి, జరిగిందంతా ఒప్పుకుని, అప్పుడు సంతకం అడగాలి. రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను.

ఏప్రిల్‌కి రామమోహన్ గారిచ్చిన కొత్త కాగితంలో నా గడులు ఖాళీగా లేవు. ఆ వారానివి పది, పది, పది. వచ్చే వారానివీ పది. మే నెలంతా పది. కాగితం చివర జూన్ ముప్పై దాకా, ప్రతి గడిలో పది, ప్రతి పది పక్కనా డి. చుక్క మాత్రం లేదు. తొందరగా పెట్టిన సంతకాలు.

"దీపూ, ఇదేంటమ్మా?"

అది గిన్నెలో పాలు పోసుకుని సీరియల్ తింటోంది. తలెత్తకుండానే అంది, "అన్నీ ఒకేసారి సైన్ చేసేశా నాన్నా. ఇంక ఎవ్రీ ఫ్రైడే నువ్వు అడగక్కర్లేదు."

"ఈ వారం నేను నిజంగా వాయించానమ్మా. రోజూ. చూడు," అని ఎడమచెయ్యి చాపాను.

దీపు నా వేళ్ల వైపు చూడలేదు. నా ముఖం వైపు చూసి, పెద్దవాళ్లు చిన్నపిల్లల్ని చూసి నవ్వినట్టు నవ్వింది.

"ఓకే నాన్నా," అంది.