మెట్ల కింద ఫిర్యాదు

అంగలకుదురు నుంచి తెనాలి వచ్చే రోడ్డు మీద మూడు చక్రాల బండి పెడళ్లను చేతులతో తిప్పుకుంటూ వెళ్లే తరన్నుమ్‌ను చూసి "పాపం" అన్నవాళ్లే గాని, ఆ పొద్దున్నే ఎక్కడికి వెళుతున్నావని అడిగినవాళ్లు లేరు. చున్నీ చాటున కమిలిపోయిన మెడ ఎవరి కంటా పడలేదు. భర్త అక్బర్ నిద్ర లేచేలోగా పోలీసు స్టేషన్ చేరాలని ఆమె ఆరాటం.

చేరింది. ఎదురుగా మెట్లు. బండి ఎక్కదు, పోలియో కాళ్లు అంతకన్నా ఎక్కవు.

"ఫిర్యాదు రాసుకోండి సార్!" అని కింది నుంచే కేక వేసింది.

హెడ్ కానిస్టేబుల్ బాలస్వామి బయటికొచ్చాడు. మంచివాడే. మంచివాళ్ల వల్ల కూడా ఒక్కోసారి కొంప మునుగుతుంది.

"ఎస్సై మేడమ్ గారు లోపలున్నారమ్మా. నిన్ను ఎత్తుకొచ్చేదెవరు? మీ ఆయన్ని పిలుస్తానుండు."

"వద్దు సార్, ఆయన మీదే ఫిర్యాదు!"

"కోపంలో ఉన్నావులే తల్లీ."

బండి వెనక అక్బర్ తన పేరూ, పరుపుల కొట్టు సెల్ నంబరూ పెయింటుతో రాయించుకున్నాడు. బాలస్వామి దాన్ని చూసి ఫోన్ చేసేశాడు.

తరన్నుమ్ బండిని రోడ్డు వైపు తిప్పబోయి ఆగింది. వెనక్కి పోదామా? పోతే మళ్లీ ఆ ఇంటికే. ఈసారి బండిని కూడా దాచేస్తాడు. ఇక గడప దాటడమంటూ ఉండదు. అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి అక్బర్ తల దువ్వుకుని మరీ వచ్చాడు. "ఏంటి తరన్నుమ్, చెప్పకుండా వచ్చేశావు? ఎంత కంగారుపడ్డానో!" అంటూ వంగి, ఆమె చంకల కింద చేతులు వేశాడు.

"ఎంత బాగా చూసుకుంటున్నాడో" అన్నారు చూస్తున్నవాళ్లలో ఎవరో.

ఆ మాటకు తరన్నుమ్‌కు ఒళ్లు మండిపోయింది.

"ముట్టుకోవద్దు!" అని అరిచి బండిని గట్టిగా పట్టుకుంది. చున్నీ లాగేసింది. "నా మెడ నులిమింది ఈ చేతులే సార్. ఈ చేతుల్లో లోపలికొచ్చి, ఈయన పక్కనుండగా నేనేం చెప్పను? నేను రాలేను. మీరే దిగి రండి!"

బాలస్వామి ముఖం పాలిపోయింది. కేకలకు ఎస్సై ప్రశాంతి గుమ్మంలోకి వచ్చింది. ఆ మెడ చూసింది. మెట్లు దిగి, బండి పక్కనే కుర్చీ వేయించుకుంది.

"ముందు ఆయన్ని దూరంగా తీసుకెళ్లండి" అని బాలస్వామితో అని, "చెప్పమ్మా, రాసుకుంటా" అంది.

తరన్నుమ్ చెప్పసాగింది. చెబుతూనే మాటిమాటికీ అక్బర్ నిలబడ్డ వైపు చూస్తోంది.

ఆ పొద్దున ఒక అధికారి దిగివచ్చింది గనక సరిపోయింది. ప్రతిచోటా అలా దిగివస్తారన్న భరోసా ఏదీ? కొట్టినవాడు ఎత్తుకుంటే తప్ప చేరుకోలేని చోట ఆడదానికి న్యాయం ఉందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.