పదకొండో దస్తావేజు

అద్దాల కొట్టు బావకు 'సత్తెకాలం' అని పేరు పెట్టింది ఊళ్ళోవాళ్ళు కాదు, స్వయానా బావమరిదే. పెట్టి ఊరుకున్నాడా? టీకొట్టు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. అంత మండింది ఆయనకు.

ఆ బావమరిదికో మొక్కల నర్సరీ ఉంది. దానికి ఎదురుగా, రోడ్డవతల ఉన్న నూట ఇరవై గజాల ముక్కను రెండేళ్ళ కిందట అక్క మొగుడికి అమ్మాడు. గజం పద్దెనిమిది వేలు. ఆ వీధిలో అందరూ చేసేదే తామూ చేస్తామనుకున్నాడు: చేతులు మారేది పద్దెనిమిది, దస్తావేజులో రాసేది ఆరు. కొనేవాడికి స్టాంపు ఖర్చు మిగులుతుంది, అమ్మేవాడికి పన్ను మిగులుతుంది. దస్తావేజు రాసేవాడైతే అడక్కుండానే ఆరు వేసేస్తాడు. తీరా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నాక బావ గొంతు సవరించుకుని, "ఎంత ఇస్తున్నానో అంతే రాయండి" అన్నాడు.

"బావా, నీకేమైనా మతి పోయిందా? ఆ పన్నంతా నేను కట్టి చావాలి!"

"నాకు రెండు లెక్కలు గుర్తుండవురా," అన్నాడు బావ, తప్పు చేసినవాడిలా తల గోక్కుంటూ. "ఒకటైతే గుర్తుంటుంది."

ఎంత గింజుకున్నా ఆ మనిషి మాట మార్చలేదు. బోరు పాడై మొక్కలు ఎండిపోతున్నాయి, డబ్బు అవసరం నర్సరీ ఆయనది. పళ్ళు నూరుకుంటూ సంతకం పెట్టాడు. పన్ను కట్టిన రోజు నుంచి అక్క ఇంటి గడప తొక్కలేదు.

రెండేళ్ళు తిరిగాక నోటీసు వచ్చింది. కొత్త వంతెన దిగే దారి కోసం నర్సరీ స్థలం ఆరు వందల గజాలూ ప్రభుత్వం తీసుకుంటోంది. ఇవ్వనంటే కుదరదు. ధర మాత్రం విచారణ పెట్టి తేలుస్తారు. ప్రస్తుతానికి అనుకున్నది గజం ఆరువేల రెండు వందలు. మూడేళ్ళలో ఆ వీధిలో జరిగిన అమ్మకాల దస్తావేజులు చూసి కట్టిన ధర అది.

నర్సరీ ఆయన ఆ కాగితం పట్టుకుని గులాబీ కుండీల మధ్య కూలబడ్డాడు. చట్టం ప్రకారం పైన కలిపేదంతా కలిపినా, ఆ డబ్బుతో మరోచోట నర్సరీకి సరిపడా స్థలం రాదు. పదహారేళ్ళుగా మొక్కలకు అంట్లు కట్టిన చేతులు ఇక ఎవరి తోటలోనో కూలికి పోవాలి. అంతకంటే కడుపు మండే సంగతి ఇంకొకటుంది. ఆ దస్తావేజుల్లో ఒకటి తనదే. బోరు పాడవకముందు పక్కింటి టీచరమ్మ దగ్గర వంద గజాలు పదిహేడు వేల చొప్పున కొని, ఆరని రాయించింది తనే. ఎంత మిగిల్చానో చూడు అని పెళ్ళాం దగ్గర మీసం తిప్పింది కూడా తనే.

వీధి మొత్తంలో నిజం రాసిన దస్తావేజు ఒక్కటే ఉంది. అది బావ బీరువాలో ఉంది.

మర్నాడు మొహం చెల్లకపోయినా వెళ్ళాడు. అద్దాల కొట్టు గుమ్మంలో అక్క ఎదురైంది.

"ఏరా, దారి తప్పావా?"

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. బల్లమీద అద్దం పరిచి, వజ్రపు ములికితో గీత గీస్తున్న బావ తలెత్తలేదు. గీత సగంలో ఆగితే అద్దం పాడవుతుంది. గీత పూర్తి చేసి, అద్దాన్ని టక్కున విరిచి, అప్పుడు చూశాడు.

"విచారణ ఏ రోజురా?"

"గురువారం."

"కొట్టు మూసేస్తాలే. పొద్దున్నే వస్తా."

అంతే. రెండేళ్ళ ఎడమొహం పెడమొహం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నర్సరీ ఆయనకు.

గురువారం భూసేకరణ అధికారిణి ముందు వీధి వీధంతా కూర్చుంది. ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు తాడు మెడలో వేలాడుతోంది. బల్లమీద పదకొండు దస్తావేజుల నకళ్ళు వరసగా పరిచింది. ఒక్కొక్కటీ చదివినట్టు అంచుల్లో పెన్సిల్ గుర్తులున్నాయి.

"పదీ ఆరువేల చుట్టూ ఉన్నాయి. పదకొండోది పద్దెనిమిది. దాన్ని పక్కన పెట్టాను," అంది. "కొన్నదేమో బావగారు, అమ్మింది బావమరిది. పరిహారం పెంచుకోవడానికి ఇంట్లోవాళ్ళు ధర పెంచి రాసుకోరని నేనెలా నమ్మను?"

బావ లేచి సంచీలోంచి ఒక్కొక్కటే తీసి పెట్టాడు: బ్యాంకు చెక్కుల కౌంటర్‌ఫాయిళ్ళు, స్టాంపు రసీదు, చివరికి ఆరోజు ఆటోకి ఇచ్చింది రాసుకున్న చీటీ కూడా. ఆవిడ అన్నీ చూసింది. తేదీలు చూసింది. వంతెన మాట పుట్టకముందువి.

"అయితే మిగతా పదీ అబద్ధాలంటారా?"

సత్తెకాలం అని పిలిచి నవ్విన వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒక్క మాట చాలు కసి తీర్చుకోవడానికి.

"అది నాకు తెలీదమ్మా," అన్నాడు బావ. "నా కాయితం సంగతే నేను చెప్పగలను."

ఆ క్షణాన నర్సరీ ఆయనకు బావ మీద పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తను నలుగురిలో నవ్వులపాలు చేసింది! లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ నాలుగోది నాది. అబద్ధం. ఇచ్చింది పదిహేడు, రాయించింది ఆరు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "నేనిది రాసుకుంటే ఎగ్గొట్టిన స్టాంపు సొమ్ము కట్టాలి, పైన జరిమానా. పరిహారం పెరుగుతుందని మాటివ్వలేను. రాయమంటారా?"

ఆయన బావ వైపు చూశాడు. బావ ఇటు చూడటం లేదు. ఆవిడ వెనక కిటికీకి పగిలిన అద్దాన్ని చూస్తూ, గాల్లోనే జానలతో కొలుస్తున్నాడు.

"రాయండి," అన్నాడు నర్సరీ ఆయన.

కాసేపటికి టీచరమ్మ లేచి, డబ్బు తీసుకున్నది తనేనని చెప్పింది. తర్వాత టీకొట్టు ఆయన. తర్వాత ఇంకో ముగ్గురు, నేలచూపులు చూస్తూ. ఆవిడ ఎవర్నీ కసురుకోలేదు, తొందరపెట్టలేదు. బ్యాంకు కాగితాలు తెమ్మని గడువిచ్చి, ఒక్కొక్కరి మాటా పూర్తిగా రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయినా కుర్చీలోంచి లేవలేదు.

నెలన్నర తర్వాత తీర్పు ఇచ్చింది. గజం పదిహేడు వేలు. జరిమానా పోగా కూడా, ఊరి చివర మళ్ళీ ఆరు వందల గజాలు వస్తాయి.

ఆ కాగితం తీసుకోవడానికి వెళ్ళేటప్పుడు బావ కూడా వచ్చాడు, చంకలో పాత దుప్పటి చుట్టిన అద్దంతో. గుమస్తాను అడిగి, పగిలిన కిటికీకి తనే బిగించాడు. అద్దం చట్రంలో ఇట్టే కూర్చుంది. గుమస్తా సంతోషించి బిల్లు పుస్తకం తీశాడు.

"ఎంతయింది?"

"ఆరు వందల నలభై."

"వెయ్యి వేసుకోండి సార్. మీరు రాకపోతే ఈ కిటికీ మరో పదేళ్ళు ఇలాగే ఉండేది. ప్రభుత్వం ఇచ్చేదే కదా."

బావ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. నోరు తెరిచేలోగా నర్సరీ ఆయన అడ్డొచ్చాడు.

"ఆరు వందల నలభయ్యే రాయండి," అన్నాడు. "మా బావకు రెండు లెక్కలు గుర్తుండవు."