చాపంత చీకటి

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఎండ మండిపోతోంది. గాలి లేదు. ఏప్రిల్ మొదటి వారం.

రత్నమాల అన్నం గిన్నె దించి, చెప్పులేసుకుని డాబా ఎక్కింది. అమీర్‌పేటలో పాత ఇల్లు వాళ్ళది. చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్ళు. డాబా మీద భూలక్ష్మి ఎండుమిరపకాయలు ఆరబోస్తోంది. కింద వాటాలో అద్దెకుంటుందామె.

"జర చూసుకుంట నడువక్కా. మిరపకాయలు తొక్కేవు."

రత్నమాల గోడవారగా నడిచి వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. చీకటి అక్కడుంది. ఒక చాపంత. వీధుల్లో లైట్లు పెరిగేకొద్దీ అమీర్‌పేటలో రాత్రులు పలచబడ్డాయి. మిగిలిన ఈ కాస్త చీకటీ వచ్చి ఇక్కడ చేరింది. రెండేళ్ళయింది. పగలూ రాత్రీ అలాగే ఉంటుంది. భూలక్ష్మి అందులో మిరపకాయలు పోయదు, ఎండవని. ట్యాంకు కడిగే పోచయ్య వచ్చేటప్పుడు టార్చి తెచ్చుకుంటాడు. అది పైకి ఎంతవరకు ఉందో ఎవరూ కొలవలేదు. చుక్కలు కనబడతాయి కాబట్టి అంతదాకా ఉందనే అనుకోవాలి.

లోపల టెలిస్కోపు ఉంది. భర్త రవికాంత్ చేసింది. ఆరంగుళాల గాజుబిళ్ళని డ్రమ్ము మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ, ఏడు నెలలు అరగదీసి అద్దం చేశాడు. ఆయన పోయీ రెండేళ్ళే.

"అక్కా, ఉన్నవా?" భూలక్ష్మి ఎండలోంచి అడిగింది. లోపలున్న మనిషి బయటికి కనబడదు.

"ఉన్నాను."

"హరిణి నుదుటి కుట్లు ఎట్లున్నయ్?"

"తగ్గుతున్నాయి."

"గా డ్రైవర్ మీద లెటర్ రాసిచ్చినవా లేదా? నిద్రపోయేటోనికి బండెందుకక్కా, మంచం ఇయ్యాలె గాని."

పోయిన మంగళవారం తెల్లవారుజామున, కాల్ సెంటర్ నుంచి ఐదుగురు ఆడపిల్లల్ని తెస్తున్న సుమో పంజాగుట్టలో డివైడర్ ఎక్కింది. నిద్రతో డ్రైవర్ కన్ను మూతపడింది. కూతురు హరిణికి మూడు కుట్లు. మిగతావాళ్ళకి ఏమీ కాలేదు.

రత్నమాల ఇరవై నిమిషాలు ఊరికే నిలబడింది. కన్ను అలవాటు పడాలి. తర్వాత టెలిస్కోపుకి కన్ను ఆనించే ఐపీస్ దగ్గర వంగింది. మీరా కనబడింది. ఎర్రగా, చిన్నగా.

మీరా ఒక చుక్క. పదకొండు నెలలకోసారి బాగా వెలుగుతుంది, తర్వాత కంటికి ఆనకుండా పోతుంది. దాని పక్కన కాంతి మారని చుక్కలుంటాయి. ఈ చుక్కకన్నా ఎక్కువ, ఆ చుక్కకన్నా తక్కువ అని కంటితో తూచి పుస్తకంలో రాయాలి. రవికాంత్ పద్నాలుగేళ్ళు రాశాడు. అనుకున్నది రాయొద్దు, కనబడ్డది రాయి అనేవాడు. కనబడకపోతే కనబడలేదనే రాయమనేవాడు.

పుస్తకంలో ప్రతి ఏడూ ఏప్రిల్, మే గడులు ఖాళీ. ఆ రెండు నెలలూ సూర్యుడు వచ్చి మీరా పక్కన కూర్చుంటాడు. లోకంలో ఎవరికీ కనబడదు. రాబోయే ఏళ్ళ లెక్క కట్టి ఒకసారి నవ్వాడు రవికాంత్. "చూడు రత్నా, రెండువేల అయిదులో సరిగ్గా ఏప్రిల్ ఆఖర్నే పూర్తిగా వెలుగుతుంది. మనం ఇంట్లో లేనప్పుడే వస్తుంది చుట్టం."

ఇప్పుడు రెండువేల అయిదు. ఈ చాపంత చీకట్లోంచి చూస్తే సూర్యుడు లేడు. మిట్టమధ్యాహ్నం మీరా ఉంది. ఇంకో మూడు వారాలు చూస్తే అది పూర్తిగా వెలిగే రోజు కూడా ఆ ఖాళీ గడుల్లో పడుతుంది.

అదొక్కటే కాదు. ఆయన గొంతు ఆమె మర్చిపోతోంది. వంటింట్లో ఎంత ప్రయత్నించినా మాటలే వస్తాయి, గొంతు రాదు. ఈ చీకట్లో నిలబడితే వస్తుంది. "తొందర లేదు రత్నా. కన్ను అలవాటు పడనీ."

మర్నాడు పదింటికి గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో బత్తాయిల సంచి.

"అమ్మా, నేను జుబేర్. డ్రైవర్ను."

ఆమె గేటు తీయలేదు.

"పాపకెట్లుందమ్మా?"

"సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తానంటోంది."

"తప్పు నాదే. ఒక్క నిమిషం కన్ను మూతపడ్డది. లెటర్ రాస్తరని ఆఫీసుల చెప్పిన్రు. రాయండ్రి. నేనేమన."

"పగలు పడుకోరా మీరు?"

"పండుకుంట. నిద్రే రాదు. బోరబండల రేకుల ఇల్లు మాది. పక్కనే వెల్డింగ్ షాపు. కండ్లు మూసుకున్నా సుత తెల్లగనే ఉంటది లోపల."

బత్తాయిలు గేటు మీద నుంచి అందించి పోయాడు. ఎర్రబడ్డ కళ్ళు.

లెటర్ బల్ల మీదే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. హరిణి చూసింది.

"ఆయన్ని తీసేస్తే ఇంకో ఆయన వస్తాడమ్మా. ఆయన మాత్రం నిద్రపోతాడా ఏంటి?"

"నువ్వు మానెయ్."

"మానేస్తే? ఆ నలుగురూ?"

రత్నమాల సాయంత్రం దాకా ఏమీ తినలేదు. తర్వాత కాగితం మడిచి పొయ్యి కింద పెట్టి, జుబేర్‌కి ఫోన్ చేసి రమ్మనమని హరిణికి చెప్పింది.

మర్నాడు పొద్దున టెలిస్కోపుని తానే లాగి మెట్ల గదిలో పెట్టింది. ట్యాంకు వెనక చాప పరిచింది.

జుబేర్ చెప్పులు విడిచి, వంగి, చీకట్లోకి చెయ్యి పెట్టి చూశాడు. "చల్లగున్నదమ్మా. చిన్నప్పుడు మా నానమ్మోళ్ళింట్ల గిట్లుండె." లోపలికి వెళ్ళాడు. ఇంకేమీ అడగలేదు. అరనిమిషంలో గురక.

భూలక్ష్మి మిరపకాయలు తిరగేస్తూ చేయి ఆపింది. "అక్కా, గా చీకట్ల ఎవరన్న పండుకుంటే అది అరుగుతది. తెలుసు గద?"

"తెలుసు."

"మీ ఆయనది గదక్కా."

"నా కూతురు ఎక్కే బండి అది."

భూలక్ష్మి మళ్ళీ మిరపకాయలు తిరగేసింది. "మస్తు గుర్రు కొడుతుండు. కాకులు సుత ఎగిరిపోయినయ్," అంది.

జుబేర్ రోజూ పదింటికి వచ్చేవాడు. నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, టీ తాగి వెళ్ళేవాడు. వారంలో కళ్ళల్లో ఎరుపు పోయింది. చీకటి రోజుకింత తగ్గింది. చాపంతది దుప్పటంత అయింది. దుప్పటి తువ్వాలైంది. అది మొహం మీదికి వచ్చేలా సర్దుకుని పడుకునేవాడు. కాళ్ళు ఎండలో ఉండేవి. రత్నమాల వాటి మీద తడిగుడ్డ కప్పేది.

పన్నెండింటికి మెట్ల గది గుమ్మంలో కూర్చునేది. నెత్తిన తెల్లటి ఆకాశం. ఆ తెలుపు వెనక మీరా రోజురోజుకీ వెలుగుతూ ఉంటుంది. ఎంతో తెలీదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది. లెక్క ప్రకారం ఫలానా అంత ఉంటుందని వేసేయొచ్చు. ఎవరు చూడొచ్చారు. వెయ్యలేదు. తారీఖు రాసి, చూడలేదు అని రాసేది.

ఏప్రిల్ ఇరవై ఐదు వచ్చింది. రవికాంత్ గుండ్రంగా గుర్తు పెట్టిన రోజు. ఆ రోజుకి చీకటి చేతిరుమాలంత మిగిలింది. జుబేర్ కళ్ళ మీద ఉంది, మడత లేకుండా.

పన్నెండున్నర. రత్నమాల లేచి అతని తల దగ్గర కూర్చుంది. ఒక కంటికి సరిపోతుంది. టెలిస్కోపు కూడా అక్కర్లేదు, ఉత్త కంటికే కనబడేంత వెలిగి ఉంటుంది. రెండు నిమిషాలు. చూసి మళ్ళీ కప్పేయొచ్చు. గొంతు కూడా ఒకసారి వినబడుతుంది.

చెయ్యి చాపింది. వేళ్ళ చివరలకి చల్లగా తగిలింది. అంచు కాస్త లేచింది. జుబేర్ కనురెప్ప మీద ఎండ పడింది. గురక ఆగింది. నుదురు ముడిపడింది.

రత్నమాల అంచు వదిలేసింది. చేత్తో సాపు చేసింది. గురక మళ్ళీ మొదలయ్యేదాకా అక్కడే కూర్చుంది, తన నీడ అతని మొహం మీద పడేలా.

నాలుగింటికి జుబేర్ లేచాడు. కళ్ళు నులుముకున్నాడు. చాప మీద ఎండ ఉంది, అంతటా.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది."

అతను చాప చుట్టి గోడకి ఆనించాడు. చాలాసేపు ఆ మూల చూస్తూ నిలబడ్డాడు. "పుట్టినప్పటి సంది పోని నిద్రంత పోయిన," అన్నాడు. టీ తాగి వెళ్ళాడు.

ఆ రాత్రి ఉరుములతో వాన పడింది. తెల్లారినా జోరు తగ్గలేదు. ఆరున్నరకి రావలసిన బండి ఏడైనా రాలేదు. హరిణి ఫోన్ కలవలేదు. రత్నమాల గేటు దగ్గర తడుస్తూ నిలబడింది. భూలక్ష్మి గొడుగు పట్టింది. "వస్తరక్కా, వస్తరు," అంటూనే ఉంది.

ఏడూ ఇరవైకి సందు మొదట్లో సుమో తిరిగింది. ముందు అద్దం బాగానే ఉంది. డోర్లు బాగానే ఉన్నాయి.

బండి ఆగకముందే హరిణి తల బయట పెట్టింది. "అమ్మా, ఏం కాలేదు! పంజాగుట్టలో వానకి ఏమీ కనబడ్డం లేదు. లైట్లు లేకుండా ఒక లారీ నడిరోడ్డు మీద ఆగిపోయి ఉంది. మాకెవరికీ కనబడలేదమ్మా, జుబేర్ భాయ్ ఒక్కడికే కనబడింది. ఎంత దూరం నుంచి బ్రేకేశాడో! వెనకొచ్చేవాళ్ళు గుద్దకుండా అక్కడే నిలబడి బండ్లన్నీ పక్కకి పంపించాడు, లారీ తీసేదాకా."

"నన్ను సుత తడిపిండు, గొడుగు పట్టుమని," వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. నవ్వులు.

రత్నమాల నవ్వలేదు. గేటు పట్టుకుంది. లెక్కపెట్టింది. హరిణి. ముందు సీట్లో ఉమైరా. వెనక అర్షియా, తల తుడుచుకుంటూ. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ పిల్లలు ఇద్దరు, పేర్లు తెలీదు. ఐదు. స్టీరింగ్ మీద చేతులు ఆనించి, తడిసిన చొక్కాతో, జుబేర్.

ఆరు.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆరు.