అవ్వ రెండు పళ్ల నవ్వు

ఫోటో అనగానే బాలనర్సమ్మ కొంగు సవరించుకుని, మూతి బిగించి, దవాఖానలో సూదికి కూర్చున్నట్టు కూర్చుంటుంది. నవ్విందంటే మాత్రం మిగిలిన రెండు ముందు పళ్లూ ముఖమంతా వెలిగిస్తాయి. ఆ రెంటినీ పీకించుకోవడానికి సోమవారం నకిరేకల్ పోతోంది. ఈలోగా ఆ నవ్వు ఫోటోలో దక్కాలని మనవడు బాలస్వామి ఆరాటం. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే, రామన్నపేటలో బడిపంతులు. కెమెరా సొంతంగా కొన్నాడు, దూరపు లెన్సు అడిగి తేవడానికి స్టూడియో మెహమూద్ దగ్గరికి వెళ్లాడు. దూరం నుంచి తీస్తే అవ్వకు తెలియదు కదా!

"నూటముప్పయి అయిదు ఎమ్మెమ్ లెన్సు తీస్కపో సారూ, చేతిల తేలిగ్గుంటది," అన్నాడు మెహమూద్.

బాలస్వామి కళ్లు మూడువందల లెన్సు మీద పడ్డాయి. మూరెడు గొట్టం.

"గది బరువు! సరే, నీ ఇష్టం. కెమెరాను కాదు, లెన్సును కిందికెల్లి ఎడమచేత్తో మొయ్యి. మోచేతులు కడుపుకు ఆనియ్యి. మనిషికీ నీకూ నడుమ ఇద్దరు బారుగ పండుకునేంత జాగా ఉండాలె. లేకుంటే మసకే."

ఆదివారం గట్టు మీద మోకాలేసి గొట్టం ఎత్తాడు. అవతల గడ్డి కోస్తున్న అవ్వతో పాటు పొలమంతా ఊగింది. ఎంత ఆనించినా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ ఏడు రోడ్డు వెడల్పుకని సర్వేయరు గొట్టంలోంచి చూసిన ప్రతి పొలంలోనూ మర్నాడు రాయి పాతారు. అవ్వకు గొట్టం కనబడింది. దాని వెనకున్న మనవడు కనబడలేదు.

"నీ గొట్టం పాడుగాను! నా పొలం మీదనే పెట్టినవార?" కొడవలి ఎత్తి ఉరికొచ్చింది.

దగ్గరైన కొద్దీ ముఖం మసకైంది. బాలస్వామి వెనక్కి జరిగాడు. ఆమె ముందుకొచ్చింది. ఇంకా జరిగాడు.

"అవ్వా, జర ఆగే! నేనే!"

"ఎవనివైతేందిర!"

గట్టు అయిపోయింది. కింది మడిలో వెల్లకిలా పడి, బురదలో అంతదూరం జారాడు. కెమెరా మాత్రం పైకే పట్టుకున్నాడు.

గట్టు మీద నిలబడి అవ్వ పోల్చుకుంది. "ఓరి బాలసామీ! గింత సదివి దున్నపోతు లెక్క పొర్లుతున్నవేందిర!" కొడవలి వదిలేసి, నడుం పట్టుకుని నవ్వింది.

లేవబోతే మోచేతులు రెండూ బురదలో దిగబడ్డాయి. లెన్సు కదల్లేదు. నడుమ సరిగ్గా ఇద్దరు పడుకునేంత జాగా. నొక్కాడు.

పళ్లు పీకించుకొచ్చాక, మనవడు కడిగించి తెచ్చిన ఫోటోను అవ్వ చాలాసేపు చూసింది.

"పండ్లు బయటవడ్డయి గదర," అని గునిసింది. తర్వాత కొంగులో చుట్టుకుని ఇంటింటికీ తిరిగింది: "సర్వేరును తరిమిన నాడు దిగిన ఫోటో!"