వాగ్‌టెయిల్ వేళ్ళు

సోమవారం బట్టలు ఉతకడం, మంగళవారం ఫిరంగులు తుడవడం, బుధవారం చిగుళ్ళు కొయ్యడం. వాగ్‌టెయిల్ ఓడలో పనుల వరస అది. చిగుళ్ళ పని వడ్రంగి జాబెజ్‌ది.

ఇంగ్లండుకి రష్యాతో యుద్ధమప్పుడు హడావిడిగా కట్టిన ఆవిరి గన్‌బోటు అది. ఓక్ చెట్లు కొట్టిన వారానికే పలకలు చేసి బిగించేశారు. అంతా పచ్చి కర్ర. తీరా ఓడ తయారయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. దాని తోటి ఓడలన్నీ రేవులో పడి కుళ్ళిపోతే, ఇదొక్కటీ చిగిర్చింది. చైనా నదుల్లో ఫిరంగులు పేల్చినన్నాళ్ళూ చిగిర్చింది, దొంగసరుకు పడవల్ని తరిమినన్నాళ్ళూ చిగిర్చింది. చలికాలం ముందు రాలే ఓక్ కాయలతో వంటవాడు పడ్సీ ఓడలో పెంచే పందిని మేపేవాడు. ఆటుకి నీళ్ళు తీసి ఓడ బురదలో కూర్చుంటే చాలు, అడుగు నుంచి వేళ్ళు దిగేవి. జాబెజ్ రంపం పట్టుకుని దిగి కోసి వచ్చేవాడు. కొయ్యకపోతే ఎలా కదుల్తుంది మరి?

పెద్దతనంలో దాన్ని ఐర్లండు పడమటి తీరానికి పంపారు. జాబెజ్‌కి తల్లిలేని కూతురు టమ్సిన్ ఒక్కతే. తండ్రిని చూడ్డానికి ఆ రేవుకొచ్చి, ఎదురుగా ఉన్న ద్వీపంలో చేపలు పట్టే కోల్మ్‌ని చేసుకుంది.

"బంగారంలాంటి పిల్లని తీసుకెళ్ళి చేపలవాడికిచ్చావేంటి తాతా?" అని పడ్సీ దెప్పేవాడు.

"నీ చేతి వంట తిన్నాక చేపలవాడే నయమనిపించింది లేరా," అనేవాడు జాబెజ్.

ఆ ఏడు కాయలు రాలేవేళ కెప్టెన్ హార్‌గ్రీవ్ జాబెజ్‌ని పిలిచాడు.

"రేపు పోలీసుల్ని ద్వీపానికి చేర్చాలి. భూస్వామి అక్కడ గొర్రెలు పెంచుతాడట. ఇళ్ళన్నీ పడగొట్టి జనాన్ని పంపెయ్యాలి."

"సార్, అక్కడ నా కూతురుంది. నెలలు నిండాయి."

"తెలుసయ్యా. ఆజ్ఞ నాది కాదు." కెప్టెన్ మొహం తిప్పుకున్నాడు. "వేళ్ళు కోసి రా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొయ్యనంటే జైలు. కోస్తే, కడుపుతో ఉన్న పిల్ల కట్టుబట్టలతో చలిలో నిలబడాలి. చిన్నప్పట్నుంచీ చెప్పింది చెయ్యడమే తప్ప ఎదురుచెప్పి ఎరగడు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తూనే కోశాడు. చివరికి చిటికెన వేలంత వేరొక్కటి మిగిలింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నేళ్ళుగా కోస్తున్నానే తల్లీ," అన్నాడు దాన్ని నిమిరి. "ఒక్కనాడూ కాదనలేదు నువ్వు."

రంపం భుజాన వేసుకుని పైకొచ్చాడు.

"అన్నీ కోశావా?" అన్నాడు కెప్టెన్.

"ఒకటి మిగిలింది సార్. చిటికెన వేలంత."

కెప్టెన్ కాసేపు అతని బురద చేతులకేసి చూశాడు. "దానిదేముందిలే," అని లోపలికెళ్ళిపోయాడు.

తెల్లారి పోటు నిండుగా వచ్చింది. పోలీసులు, గోడలు పడగొట్టే దూలంతో సహా ఎక్కారు. బాయిలర్ రాజేశారు. పొగగొట్టం ఊళ్ళోవాళ్ళందరి బట్టలూ నల్లబడేంత పొగ కక్కింది. ఓడ కదల్లేదు. ఇంకా బొగ్గు వేశారు. ఆ అదురుకి పోలీసుల టోపీలు ఊడి నీళ్ళలో పడ్డాయి గానీ ఓడ మాత్రం కదల్లేదు. మధ్యాహ్నానికి ఆవిరి గొట్టం పగిలింది. పోలీసులు దూలం మోసుకుంటూ దిగి, సారాకొట్టుకి పోయారు.

మర్నాడు చూస్తే వేళ్ళు మనిషి నడుమంత లావున దిగి ఉన్నాయి. వాటి జోలికి పొమ్మని జాబెజ్‌తో ఎవరూ అనలేదు. ఇంకో ఓడని పంపేలోగా తుఫానులు మొదలయ్యాయి. వసంతానికి ఆ భూస్వామి పోయాడు, కొడుకులు ఆస్తి కోసం కోర్టుకెక్కారు, ద్వీపం సంగతి అడిగే దిక్కు లేకపోయింది. నౌకాదళం వాగ్‌టెయిల్ పేరు కొట్టేసి, ఉన్నచోటే వదిలేసింది.

జాబెజ్ పని మానుకుని, ఓడలోంచి నాలుగు పలకలు అడిగి తీసుకుని, ద్వీపానికి చేరాడు. మనవడికి ఉయ్యాల చేశాడు.

ఓ బుధవారం టమ్సిన్ పిల్లాణ్ణి పడుకోబెట్టబోయి ఆగింది. ఉయ్యాల అంచున రెండు ఆకులు.

"నాన్నా, రంపం తేనా?"

జాబెజ్ అలవాటుగా లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "పెరగనీ."