అత్తగారి బానెట్ వైద్యం

వేడి విషయంలో అత్తగారితో వాదించే మనిషి ఆ ఇంట్లో లేడు. ఆసుపత్రి క్యాంటీన్ వంటగదిని రిటైరయ్యేదాకా ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆవిడ. పక్కగదిలో కూర్చుని పొయ్యి చప్పుడు విని మంట ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేది. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే నుదుటి మీద చెయ్యి పెట్టి ఆవిడ తేల్చిందే జ్వరం. థర్మామీటర్ ఒప్పుకోకపోతే అది పాడైపోయినట్టు లెక్క.

అందుకే, సరదాకి కారు తోలుకోనిచ్చే రేసు ట్రాక్ మీద తమ పాత కారు ఇంజిన్ ఉడికిపోతోందని కోడలు చెప్పినప్పుడు ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మూత బిగించి కూర్చోబెడితే ఉడక్క ఏం చేస్తుందే? బానెట్ వెనకవైపు కాస్త ఎత్తి పెట్టు. ఆవిరంతా పోతుంది," అంది.

కోడలు సరే అత్తయ్యా అంది. ఇంజిన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ తుప్పుపట్టిపోతే పీకేసి కొత్తది బిగించిన రోజే, బానెట్ వెనక కీళ్ల కింద వాషర్లు కూడా వేసింది. ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఏర్పడింది. అత్తగారు ఆ సందులో వేళ్లు పెట్టి చూసుకుని, తన తెలివికి తానే మురిసిపోయింది.

కారు మామగారిది. ఆయన పోయాక చాలాకాలం గుడ్డ కప్పుకుని పెరట్లో పడి ఉంది. ఆ గుడ్డ తీసింది కోడలు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేసే ఆ పిల్లకి ఆగిపోయిన యంత్రాన్ని చూస్తే చేతులు ఊరుకోవు. అప్పటిదాకా అత్తాకోడళ్ల మధ్య నడిచిన మాటలు ఏమైనా ఉన్నాయంటే "తిన్నావా?" "తిన్నానత్తయ్యా." అంతే. గొడవల్లేవు, కబుర్లూ లేవు. ఒక కప్పు కింద ఇద్దరు మర్యాదస్తులు కాపురం ఉన్నట్టుండేది. కారు బాగుపడడం మొదలయ్యాక ఆదివారాలు మారిపోయాయి. ఒకరు స్పానర్ తిప్పుతుంటే ఇంకొకరు టార్చి పట్టుకోవడం, నూనె చేతులతోనే టీ తాగడం, మామగారు ఈ కారుతో పడ్డ తిప్పలు చెప్పుకుని నవ్వుకోవడం. ఆ ఆదివారాల కోసం అత్తగారు సోమవారం నుంచే ఎదురుచూసేది. పైకి మాత్రం "ఈ ఇనుప సామానుతో నా పెరడంతా పాడవుతోంది," అని సణిగేది.

కొడుకుది వేరే దారి. కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. ఏదైనా రెండుసార్లు సరిచూసుకోనిదే నమ్మడు. కొత్త రేడియేటర్ వేశాక కూడా కారు మళ్లీ ఉడికి, తెల్లటి ఆవిరి కక్కుతూ ట్రాక్ పక్కన నిలబడిపోయిన రోజున వాడిక ఊరుకోలేదు.

"అమ్మా, ఇంజిన్ పోతే పోయింది. లోపల కూర్చున్నది మనిషి. ఇంకొక్కసారి వెళ్లిరండి. ట్రాక్‌వాళ్లు తిరగనిచ్చినంతసేపు, ఒక్క సెషనైనా ఆగకుండా పూర్తి చేస్తే సరే. లేదంటే కారు అమ్మేద్దాం. అడుగుతున్నవాళ్లు ఉన్నారు," అన్నాడు.

అత్తగారు మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పే అలవాటు ఆవిడకి లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆ ఇంకొక్కసారికి దొరికిన రోజు చూస్తే ఎండ నిప్పులు చెరుగుతోంది. ట్రాక్ మీది తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. కార్లు నిలుపుకునే రేకుల షెడ్డులో గాలి చస్తే కదలడం లేదు. పొద్దున సెషన్‌లో కోడలు నాలుగు చుట్లయినా తిరగకుండానే లోపలికి వచ్చేసింది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత అంచుకు చేరిందట. కొడుకు మంచినీళ్ల సీసా భార్య చేతికిచ్చి, ఫోను చూసుకుంటూ నీడలోకి వెళ్లాడు. వాడు తిట్టినా బాగుండేదనిపించింది అత్తగారికి.

ఇక మిగిలింది సాయంత్రం సెషన్ ఒక్కటే.

భోజనాల వేళ ట్రాక్‌ను కాసేపు ఇంటివాళ్ల కోసం వదులుతారు. పక్కసీట్లో ఎవరినైనా ఎక్కించుకుని మామూలు రోడ్డు వేగంతో ఓ చుట్టు తిప్పి తీసుకురావచ్చు. "రండి అత్తయ్యా, మీరూ ఓసారి చూద్దురుగాని," అంది కోడలు. అత్తగారు అద్దె హెల్మెట్‌లో తల దూర్చడానికి నానా అవస్థ పడి, కొప్పు విప్పుకుని, చివరికి ఎలాగో ఎక్కి కూర్చుంది. ఎదురుగా చూస్తే బానెట్ వెనక అంచు పొడవునా ఎర్ర ఉన్ని పోగులు టేపుతో అంటించి ఉన్నాయి.

"ఇవేంటే? కారుకి జడకుచ్చులా?"

"ఊరికే అత్తయ్యా. గాలి ఎటు పోతోందో చూద్దామని."

"ఎటు పోతుంది? బయటికే," అంది అత్తగారు.

కారు కదిలింది. మెల్లగా వెళుతున్నంతసేపూ పోగులు ఏ సంగతీ తేల్చకుండా ఊగాయి. పొడవాటి దారి రాగానే కోడలు కాస్త వేగం పెంచింది. పోగులన్నీ ఒక్కసారిగా తలవంచి సందులోంచి బానెట్ కిందకి దూరిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి బయటికి ఎగరలేదు. ఎవరో లోపల కూర్చుని లాక్కుంటున్నట్టే ఉంది.

అత్తగారు హెల్మెట్ అద్దం పైకెత్తి మళ్లీ చూసింది. అబద్ధం కాదు. గాలి అద్దానికి కొట్టుకుని, పోవడానికి దారిలేక, ఆవిడ ఎంతో ముచ్చటపడి చేయించిన సందులోంచే లోపలికి జొరబడుతోంది. ఇక రేడియేటర్ గుండా వచ్చిన వేడిగాలి ఎటు పోతుంది? క్యాంటీన్‌లో ఎదురుగాలి వీచిన రోజున పొగగొట్టం ఏం చేసేదో ఆవిడకి తెలియదా? పొగంతా వెనక్కి తన్ని వంటవాళ్ల మొహాన కొట్టేది. తెలిసి తెలిసి అదే పని కారుకి చేయించింది.

కారు ఆగాక కూడా ఆవిడ దిగలేదు.

"నీకు ముందే తెలుసా?"

కోడలు స్టీరింగ్ వైపు చూస్తూ, "అనుమానం ఉండేది," అంది.

"ఎప్పటినుంచి?"

"వాషర్లు వేసిన రోజు నుంచి."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"మీరు చెప్పారు కదా అని ఊరుకున్నానత్తయ్యా. వేడి సంగతి మీకు తెలిసినంత..."

"ఓహో! నా మీద గౌరవంతో మా ఆయన ఇంజిన్ కాల్చేస్తావా? గౌరవమట గౌరవం! అది మంటల్లో కలవా!"

ఆవిడ గొంతుకి పక్క షెడ్డువాళ్లు కూడా తలలు తిప్పారు. కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్తగారికి కోపం ఎంత వచ్చిందో అంతకు రెట్టింపు దిగులు వేసింది. ఆదివారాలన్నీ ఈ పిల్లతో తాను కబుర్లాడుతున్నాననుకుంది. ఇప్పుడు చూస్తే తాను మాట్లాడడం, ఆ పిల్ల తల ఊపడమే జరిగిందేమో. అలాగైతే కారు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

కానీ చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పనా? హెల్మెట్ పీకి సీట్లో పడేసింది. చెదిరిన జుట్టు ముడి వేసుకుంది.

"సరే. తప్పు నాది. అది నేను చూసుకుంటాను. ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పు. నేను చేస్తాను."

కోడలు ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో ప్రతి మాట చివరా "ఏమంటారు?" అని తగిలించింది. అత్తగారు జవాబు చెప్పకపోయేసరికి ఆ తోక దానంతటదే ఊడిపోయింది. వాషర్లు తీసేసి బానెట్ గట్టిగా బిగించారు. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులు మూసేయాలంది. గాలి కూడా మనలాంటిదేనట, పక్కన దారి కనిపిస్తే కష్టమైన పని తప్పించుకుని జారుకుంటుంది. అత్తగారు తాను కూర్చోవడానికి తెచ్చుకున్న ఫోమ్ చాపను పండ్లు కోసే కత్తితో ముక్కలు చేసి, కోడలు చూపించిన చోటల్లా కూరి, వెండిరంగు టేపు అంటించింది. కొడుకు వచ్చి కాసేపు నిలబడి చూశాడు. అడక్కుండానే టేపు చింపి ఇవ్వసాగాడు.

"మరీ వేడెక్కితే కార్లో హీటర్ ఫుల్లుగా పెడతాను. ఇంజిన్ వేడి కొంత నా మీదకి వస్తుంది," అంది కోడలు.

"ఈ ఎండలో హీటరా?" అన్నాడు కొడుకు.

"నేను చెమటలు తుడుచుకుంటాను. ఇంజిన్ తుడుచుకోలేదుగా."

అత్తగారు పక్కకి తిరిగి నవ్వుకుంది. ఈ పిల్లకి నోరుంది.

సాయంత్రం సెషన్ మొదలయ్యే వేళకి కూడా ఎండ తగ్గలేదు. అత్తగారు కంచె దగ్గర ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడి, అది కాలడంతో చెయ్యి తీసేసి, మళ్లీ పట్టుకుంది. ఇక్కణ్నుంచి ముల్లు కనిపించదు. కనిపించేదల్లా ఆ పాత నీలంరంగు కారు మలుపు దాటి రావడం, ఎదురుగా దూసుకుపోవడం. షెడ్డులోకి తిరగకుండా ముందుకెళ్లిన ప్రతిసారీ ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

పొద్దున ఆగిపోయిన చుట్టు దాటిపోయింది. దాని తర్వాతదీ దాటింది. కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు.

అంతలో కారు ఓ పెద్ద బండి వెనక ఇరుక్కుంది. దాని తోక పట్టుకున్నట్టు అంటుకుపోయి వస్తోంది. అత్తగారికి ఒళ్లు మండింది. ముందున్న బండి గాలంతా తినేస్తుంటే వెనకదానికి ఏం మిగులుతుంది? వేడి పొగ తప్ప! "పక్కకి జరగవే తల్లీ!" అని అరిచింది. ఆ మోతలో అది కొడుక్కే సరిగా వినపడలేదు.

తర్వాతి చుట్టులో కారు వేగం తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ట్రాక్ అంచుకు వచ్చింది. అత్తగారు కమ్మీ మీదకి వంగింది. కొడుకు ఆవిడ భుజం పట్టుకున్నాడు. లోపలికి వచ్చేస్తోంది, అయిపోయింది అనుకున్నారిద్దరూ. కానీ కారు షెడ్డు వైపు తిరగలేదు. వెనక వస్తున్నవాళ్లను పోనిచ్చి, పెద్దబండికీ తనకీ మధ్య ఖాళీ చూసుకుని, ఎదురుగాలి ముక్కు నిండా పీల్చుకుంటూ నిదానంగా ఓ చుట్టు తిరిగి, మళ్లీ వేగం అందుకుంది.

సెషన్ అయిపోయిందని గళ్ల జెండా ఊపేదాకా తిరిగింది. జెండా పడ్డాక కూడా వెంటనే రాలేదు. అందరూ వచ్చేశాక, షికారుకి వెళ్లినట్టు మెల్లగా ఇంకో చుట్టు తిరిగి షెడ్డులోకి వచ్చింది. లోపలి నుంచి పొయ్యి తలుపు తెరిచినట్టు వేడి కొట్టింది. హీటర్ అరుస్తోంది. కోడలు నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయి ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ముల్లు గీత దగ్గరికే పోలేదత్తయ్యా! ఆ పెద్దబండి వెనక ఒక్కసారి పైకి లేచింది, అంతే!"

కొడుకు ఫోను తీసి, కారు కోసం అడుగుతున్నాయనకు అక్కడికక్కడే ఫోన్ చేసి, "ఏమనుకోకండి, మా వాళ్లు ఇచ్చేది లేదంటున్నారు," అని చెప్పేశాడు. అత్తగారు, ఏదో ఒకటి చెయ్యకపోతే ఏడ్చేసేలా ఉందని, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి అందుకోబోయింది.

"ఆపేద్దాం, పాపం అలిసిపోయింది."

"వద్దు," అంది కోడలు.

ఆ ఇంట్లో అత్తగారికి ఎదురు చెప్పిన మొదటి వద్దు అదే. కొడుకు ఫోను పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. కోడలు కూడా తన నోట్లోంచి వచ్చిన మాట తనదేనా అన్నట్టు ఒక్క క్షణం తడబడింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"ఇప్పుడే ఆపితే లోపల నీళ్లు తిరగవు. ఉన్న వేడంతా ఒక్కచోటే ఉండిపోతుంది. మీకు తెలియదు అత్తయ్యా. కాసేపు అలా నడవనివ్వండి."

"తెలియదు," అని ఒప్పుకుంది అత్తగారు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంజిన్ గురగురలాడుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఆవిడ పక్క తలుపు తెరిచి, కాలిపోతున్న సీట్లో కోడలి పక్కన కూలబడి, చీర చెంగుతో ఆ పిల్ల మెడ మీది చెమట తుడిచింది.

"ఇంకా ఏమేం తప్పులు చెప్పానో అన్నీ చెప్పు," అంది. "తొందరేం లేదు."