తిందువుగాని రా

మా ఇంట్లో పందిని పిలిచేది నేను, పొడిచేది మా ఆయన. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. పెరట్లో కుడితి బకెట్ పట్టుకుని "తిందువుగాని రా" అంటాను, అది వచ్చి మూతి ముంచుతుంది, ఆయన గొంతు కింద కత్తి దింపుతాడు. రెండో పోటు అవసరం పడ్డ ఏడాది లేదు.

ఈసారి ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు పెదాల దాకా వచ్చేసరికి సగమవుతుంది. మరిదిని పొడవమందామని నెల్లాళ్ళు చెవిలో పోరాను. అడిగినకొద్దీ ఆయనకు మొండితనం పెరిగింది. చెయ్యి పడిపోయినప్పుడు చెబుతాను, అప్పటిదాకా నోరు మూసుకోమన్నాడు. పది నెలలు నా చేతి మేత తిన్న జీవి. చావు ఎలాగూ తప్పదు. నరకం చూడకుండా పోతే చాలనుకున్నాను.

పొద్దున్నే డ్రమ్ములో నీళ్ళు మరిగించాం. మరిది తాడుతో నిలబడ్డాడు. నేను పిలిచాను. అది తోకాడిస్తూ వచ్చింది.

కత్తి పక్కకు పోయి భుజంలో దిగింది. అది పెట్టిన కేకకు నా ప్రాణం పోయినంత పనైంది. బకెట్ తన్నేసి కట్టెల వెనక్కి దూరింది. మరిది తాడు విసిరితే మీదికి దూకబోయింది. ఆయన దగ్గరికి వెళ్తే గోడకు అతుక్కుపోయి అరిచింది. ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇంకొక్కసారి పిలవవే," అన్నాడు, నా వైపు చూడకుండా.

"పిలుస్తాను. కత్తి ఇటియ్యి."

మారుమాట్లాడకుండా ఇచ్చాడు. అందుకే నాకు భయమేసింది.

ఒలికిపోగా బకెట్ అడుగున కాస్త మిగిలింది. మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ పిలిచే గొంతుతోనే "తిందువుగాని రా" అన్నాను. రాకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. వచ్చింది. కాలీడ్చుకుంటూ, నన్ను నమ్మి వచ్చింది. మూతి ముంచింది. నా చెయ్యి వణకలేదు.

బొచ్చు గీకి, కోసి, ఉప్పు పట్టించేసరికి సాయంత్రమైంది. మరిది తన వాటా తీసుకుని, "వదినా, నీ చెయ్యి గట్టిది," అని వెళ్ళాడు. మెచ్చుకున్నాడనే అనుకోవాలి.

ఆయన పొద్దుటి నుంచీ పెరటి గుమ్మంలోనే కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో దాచుకుని. జాలేసింది. కంచం పెట్టి, "తిందువుగాని రా," అని పిలిచాను.

ఆయన లేచాడు. నాలుగడుగులు వేసి ఆగి, ముందు నా చేతుల వంక చూశాడు.